డాక్టర్ సలహా: గోవా ట్రయథ్లాన్‌కు 12 రోజులే ఉంది.. ముందు గుండె పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 43, బరువు 72 కిలోలు. సొంతూరు అనంతపురం. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంకో 12 రోజుల్లో గోవాలో హాఫ్ ఐరన్‌మ్యాన్ అనే ట్రయథ్లాన్ చేయబోతున్నాను. సముద్రంలో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. 2024లో బెంగళూరు సౌత్ ఎంపీ తేజస్వి సూర్య ఇదే రేసు పూర్తి చేశారని చదివాక నాకూ ఆశ పుట్టింది. సాధన బాగానే సాగింది కానీ, ఆఫీసు పని వల్ల పోయిన నెలలో మూడు లాంగ్ రైడ్‌లు ఎగ్గొట్టాల్సి వచ్చింది. ఈ ఆదివారం నంది హిల్స్ వైపు 120 కి.మీ. తొక్కితే ఆ లోటు తీరుతుందా? కుడి మోకాలు ముందు భాగంలో నొప్పి ఉంది. రేసు రోజు పొద్దున్నే పెయిన్ కిల్లర్ వేసుకోవచ్చా? నీళ్లు ఎంత తాగాలి? బీపీ, షుగర్ లేవు. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు.
– ఓ పాఠకుడు, బెంగళూరు

సలహా: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. మీరు అడిగిన మూడింటికీ జవాబు చెబుతాను కానీ, ముందు దాని సంగతి చూద్దాం. తండ్రికి గానీ, అన్నదమ్ములకు గానీ 55 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చిందంటే మీకూ ముప్పు ఎక్కువే. బీపీ, షుగర్ లేకపోవడం మంచిదే. అవి లేవని ఈ ముప్పు మాత్రం పోదు. మీరు చేసిన సాధనా దాన్ని చెరిపేయదు.

ఈ వారంలోనే ఒక కార్డియాలజిస్టును కలవండి. నాన్నగారి సంగతి, మీరు చేయబోయే రేసు సంగతి రెండూ చెప్పండి. ఈసీజీ, ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష), కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఒక్క పూటలో అయిపోతాయి. అయితే టీఎంటీ నార్మల్ అని రిపోర్టు వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. మెట్టు ఎక్కేటప్పుడు గానీ, గట్టిగా తొక్కేటప్పుడు గానీ ఎప్పుడైనా ఛాతీ పట్టేసినట్టు అనిపించిందా? కళ్లు తిరిగాయా? గుండె లయ తప్పినట్టు దడదడలాడిందా? ఒక్కసారి జరిగినా డాక్టర్‌తో చెప్పండి. గ్యాస్ అనుకుని దాటేయకండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో మరణాలు, గుండె ఆగిపోయిన ఘటనలు కలిపి 135 లెక్కతేలాయి. వాటిలో 90 ఈత దగ్గరే జరిగాయి. బాధితుల్లో ఎక్కువమంది మగవాళ్లు, సగటు వయసు 47. ప్రాణం మీదికి వచ్చేది ఆఖరున, ఒళ్లు అలసిపోయాక అని అందరూ అనుకుంటారు. నిజానికి మొదటి గంటలోనే ఎక్కువ. గుంపులో మోచేతులు తగులుతాయి, భయం వేస్తుంది, నీళ్లలో పడుకున్న భంగిమలో కాళ్లలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది. గుండె మీద ఇవన్నీ ఒకేసారి పడతాయి.

మీరు ఈత నేర్చుకున్నది బహుశా ఏదో 25 మీటర్ల పూల్‌లో అయి ఉంటుంది. అక్కడ అర నిమిషానికోసారి గోడ దొరుకుతుంది. సముద్రంలో గోడ ఉండదు. వీలైతే రెండు రోజుల ముందే గోవా చేరి, లైఫ్‌గార్డులు ఉన్న వేళ, పక్కన ఒకరిని తోడు పెట్టుకుని ఉప్పునీళ్లలో పది పదిహేను నిమిషాలు ఈదండి. రేసు రోజున గుంపుకు పక్కగా, వెనకగా మొదలుపెట్టండి. మొదటి 200 మీటర్లు కావాలనే నెమ్మదిగా ఈదండి. ఊపిరి అందకపోతే వెల్లకిలా తిరిగి చేయి పైకెత్తండి. సహాయకుల చిన్న పడవ (కయాక్) పట్టుకుని సేద తీరినా, దాంతో ముందుకు కదలనంతవరకు రేసు నుంచి తీసేయరు. దగ్గులో గులాబీ రంగు నురుగు కనిపించిందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినట్టే. ఇక ఆ రోజు రేసు లేదు.

ఇప్పుడు ఆదివారం రైడ్. వద్దు. ఈరోజు చేసిన కష్టానికి ఒళ్లు ఫలితం చూపించాలంటే పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. 120 కిలోమీటర్లు తొక్కితే రేసు రోజుకు మీ కాళ్లలో మిగిలేది అలసట ఒక్కటే. పోయిన మూడు రైడ్‌లు పోయాయి, వాటిని వదిలేయండి. రేపటి నుంచి మొత్తం సాధన సగానికి తగ్గించండి. రోజులు మానేయక్కర్లేదు, గంటలు తగ్గించండి చాలు. ఆదివారం చదును రోడ్డు మీద 45, 50 కిలోమీటర్లు తొక్కి, మధ్యలో రెండు మూడు సార్లు పదేసి నిమిషాలు రేసు వేగంతో వెళ్లండి. ఇది కూడా డాక్టర్ సరే అన్నాకే. తగ్గించిన నాలుగో రోజుకల్లా కాళ్లు బరువెక్కినట్టు, ఎక్కడెక్కడో కొత్త నొప్పులు వచ్చినట్టు అనిపిస్తుంది. చాలామందికి అలాగే ఉంటుంది. కంగారుపడి మళ్లీ సైకిల్ ఎక్కకండి.

పెయిన్ కిల్లర్ కూడా వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఏడెనిమిది గంటలు ఎండలో చెమటోడ్చేటప్పుడు అసలే ఆ రక్తం తక్కువగా ఉంటుంది. రెండూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో రక్తస్రావం కావచ్చు, ఒంట్లో నీరు నిలిచిపోవచ్చు. మోకాలి ముందు నొప్పికి చాలాసార్లు సీటు ఎత్తు తక్కువగా ఉండటమే కారణం. సైకిల్ షాపులో ఒకసారి చూపించండి. వాపు ఉన్నా, మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవాల్సిందే. ఈలోపు జ్వరం వస్తే మాత్రం ఇలాంటి పెయిన్ కిల్లర్లు అసలు ముట్టుకోకండి. వానలు పడ్డాక బెంగళూరులో డెంగీ మామూలే, డెంగీలో ఈ మందులు రక్తస్రావం తెచ్చిపెడతాయి. పారాసెటమాల్ వేసుకుని రక్త పరీక్ష చేయించుకోండి. జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే సాధన పూర్తిగా ఆపేయాలి. వైరస్ గుండె కండరాన్ని తాకిన సమయంలో పరుగెత్తడం ప్రమాదం.

నీళ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక రేసు మెడికల్ టెంట్‌లో పనిచేస్తుండగా ఒకాయనను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. తలనొప్పి, వాంతులు, మాట తడబడుతోంది. డీహైడ్రేషన్ అనుకుని ఆయన స్నేహితుడు దారి పొడవునా నీళ్లు తాగిస్తూ వచ్చాడు. నేను నాడి చూడబోతే ఆయన వేలి ఉంగరం కండలోకి దిగిపోయి కనిపించింది. చేతులు బొద్దుగా ఉబ్బి ఉన్నాయి. బరువు చూస్తే పొద్దున్న కన్నా కిలోన్నర ఎక్కువ! ఒళ్లు ఎండిపోయిన మనిషి బరువు పెరగడు. తాగిన నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోయింది. సోడియం లీటరు రక్తంలో 135 మిల్లీమోల్స్ కన్నా తగ్గితే తక్కువైనట్టు. మరీ పడిపోతే మెదడు ఉబ్బుతుంది, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆయన కోలుకున్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఇలా తక్కువగా ఉంది.

మీ చెమట లెక్క మీరే తేల్చుకోవచ్చు. గంటసేపు తొక్కడానికి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బట్టలు లేకుండా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట, మధ్యలో తాగింది దానికి కలపండి. ఇది తెల్లవారుజామున చేయకండి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, ఆ చల్లగాలిలో వచ్చే లెక్క గోవా ఉక్కపోతకు సరిపోదు. మధ్యాహ్నం చేయండి. రేసులో దాహం వేసినప్పుడు తాగండి. చెమటగా పోయినంతా నింపాలని చూడకండి, రేసు అయ్యేసరికి కిలో, కిలోన్నర తగ్గడం మామూలే, పెరగడం మాత్రం కూడదు. ఉత్త నీళ్లతో పాటు ఓఆర్ఎస్ లాంటిది వంతులవారీగా తాగండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ఉప్పు బిళ్లలు వేసుకున్నాం కదా అని నీళ్లు ఎక్కువ తాగితే ఆ బిళ్లలు కాపాడవు.

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి కూడా పది రోజులు కావాలి. గుండె పరీక్షలు సరిగ్గా ఉంటే ఈ వారం నాలుగైదు రోజులు పదకొండు గంటల వేళ నలభై నిమిషాలు తేలికగా పరుగెత్తండి. తగ్గించిన సాధనలో ఇదీ భాగమే, అదనం కాదు. మీతో వచ్చేవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి: మీరు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ కావచ్చు, చెమట పడుతున్నా సరే. ముందు అక్కడికక్కడే ఐస్ నీళ్లలో ముంచాలి, ఆసుపత్రి ఆ తర్వాత.

తిండి గురించి క్లుప్తంగా చెబుతాను. చివరి రెండు రోజులు రోజుకు 600 గ్రాముల దాకా పిండిపదార్థాలు తీసుకోండి. అన్నం, ఇడ్లీ, అరటిపండ్లు, బెల్లం, పండ్ల రసం, అన్నీ కొంచెం కొంచెంగా. అనంతపురం వాళ్లకు రాగి సంగటి ప్రాణమని తెలుసు. ఆ రెండు రోజులు సంగటి, పెసరట్టు, ఆకుకూర పప్పు పక్కన పెట్టండి, పీచు ఎక్కువైతే పరుగులో కడుపు తిప్పుతుంది. ఒక కిలో బరువు పెరుగుతారు, అది కండరాల్లో చక్కెరతో పాటు చేరిన నీరే. రేసు పొద్దున మూడు గంటల ముందు ఇడ్లీ పంచదారతో, ఒక అరటిపండు, రోజూ తాగే కాఫీ. సైకిల్ మీద గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు, అదీ సాధనలో మీ కడుపుకు పడిన ఎనర్జీ జెల్ మాత్రమే. ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోయినా బెంగలేదు, దానికి ముందు రెండు రాత్రులు బాగా పడుకోండి.

పరీక్షల్లో తేడా కనిపించినా, రేసు ముందు మూడు రోజుల్లో జ్వరం వచ్చినా ఈసారి ఆగిపోండి. అన్నీ సరిగ్గా ఉండి బయల్దేరితే, మీ బిబ్ (రేసులో తగిలించుకునే నంబరు కాగితం) వెనక వైపు ఇంటివాళ్ల ఫోన్ నంబరు, మీకు పడని మందులు, రక్తం గ్రూపు రాయండి. నాన్నగారి గుండెపోటు సంగతి కూడా అక్కడే రాయండి.