97 ఏళ్లు బతికిన ముత్తవ్వ, నీట్ వద్దంటున్న మునిమనవరాలు

బైపీసీ సెకండియర్ చదువుతున్న అమ్మాయి నాన్నగారు రాశారు. తన నాయనమ్మ 97 ఏళ్లు బతికారట, షుగర్ లేదు, బీపీ లేదు. అది చూసి అమ్మాయికి ఒకటే పిచ్చి, కొందరు అంతకాలం ఎలా బతుకుతారు, జీన్స్‌లో ఏముంది అని. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి కూర్చోను, ఇదే చదువుతానంటోంది. ఇందులో తిండి పెట్టే ఉద్యోగం ఉందా అన్నది ఈయన టెన్షన్.

ఉంది సార్, కానీ ఆలస్యంగా వస్తుంది. పైగా బైపీసీ పిల్లలు తప్పించుకుని వచ్చిన లెక్కలే ఇక్కడ అసలు పని.

ఎందుకంటున్నానో వినండి. 1870-1900 మధ్య పుట్టిన డెన్మార్క్ కవలల రికార్డులు తీసి, అచ్చం ఒకేలా ఉండే కవలల్నీ మామూలు కవలల్నీ పోల్చి, మనుషుల ఆయుష్షులో కనిపించే తేడాల్లో సుమారు నాలుగో వంతు వారసత్వం వల్లేనని 1996లో లెక్క తేల్చారు. ఇరవై ఏళ్లపాటు చాలామంది దాదాపు అదే అంకె చెప్పారు. 2018లో ఇంకొకళ్లు 40 కోట్లమందికి పైగా ఉన్న వంశవృక్షాలు తిరగేస్తే ఒక తమాషా బయటపడింది: రక్తసంబంధమే లేని బావా బావమరుదుల ఆయుష్షులు కూడా కాస్త కలుస్తున్నాయి! మనం 'తగిన సంబంధం' అని చూస్తామే, అదే కారణం. చదువు, డబ్బు, తిండి, అలవాట్లు కలిసినవాళ్లే వియ్యమందుతారు. ఆ ప్రభావం తీసేస్తే జీన్స్ వాటా 10 శాతంలోపే అన్నారు. ఈ వాదన ఇంకా తెగలేదు, తెగ్గొట్టాల్సింది స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లే.

జీన్స్ మాటకొస్తే, వేర్వేరు దేశాల మనుషుల్లో ఆయుష్షుతో ముడిపడి పదేపదే కనిపించేవి ఏపీఓఈ, ఫాక్సో3 లాంటివి చాలా కొద్ది. 1993లో ఒక చిన్న పురుగులో ఒక్క జీన్ మారిస్తే దాని ఆయుష్షు రెట్టింపయింది. మనుషుల్లో అలాంటిది ఇంతవరకు దొరకలేదని అమ్మాయికి ఇప్పుడే చెప్పేయండి, తర్వాత నిరాశపడకుండా.

ఇక దారి. కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థ ఐసర్ తిరుపతిలో చేరాలంటే ఐఏటీ అనే ఎంట్రన్స్ రాయాలి. బైపీసీ వాళ్లు రాయొచ్చు, కానీ 60 ప్రశ్నల్లో 15 లెక్కలు, వాటిని వదిలేసి సీటు తెచ్చుకోవడం చాలా కష్టం. అది కుదరకపోతే జెనెటిక్స్ ఉన్న బీఎస్సీ, ఆ తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ జెనెటిక్స్. ఎమ్మెస్సీ తర్వాత రాసే నెట్ (నీట్ కాదు) పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, తెచ్చుకుంటే నెలకు 37,000, పైన హెచ్ఆర్ఏ. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి, పీహెచ్‌డీకి ఊరు దాటక్కర్లేదు. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటొచ్చు, ఈలోగా పెళ్లి పెళ్లి అని మీరు వెంటపడకూడదు, నవ్వకండి, నా దగ్గరికొచ్చే సగం గొడవలు అవే. మధ్యలో ఆగిపోయినా ఫర్వాలేదు, ఆర్ గానీ పైథాన్ గానీ, ఈ ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి వస్తే ఫార్మా, డయాగ్నస్టిక్ కంపెనీల్లో డేటా పనులుంటాయి. యాంటీ ఏజింగ్ అంటూ సర్టిఫికెట్ కోర్సులు అమ్మేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఎంపీసీ వాళ్ల ప్రాబబిలిటీ చాప్టర్ అమ్మాయి ముందు పెట్టి మీరు పక్కకెళ్లిపోండి. సాయంత్రం దాకా దాంతో కుస్తీ పడితే లెక్కలకి ట్యూషన్ చూడండి. అరగంటలో పుస్తకం మూసేస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు నీట్ సంగతి మాట్లాడదాం.