రికార్డర్ నేర్చుకునే అమ్మాయి దానితోనే బతకగలదా?

హైదరాబాదులో ఉంటున్న మీ పదమూడేళ్ల అమ్మాయి లండన్ ట్రినిటీ కాలేజీ వారి సంగీత గ్రేడ్ పరీక్షలు ఒక్కొక్కటే దాటుతూ, రికార్డర్ అనే నిలువుగా పట్టి ఊదే వేణువు మీద మక్కువ పెంచుకున్నదనీ, యూరప్ వెళ్లి అక్కడి ప్రాచీన సంగీతం చదివితే ఆ వాద్యంతోనే జీవనం సాగుతుందా అనీ మీరు అడిగారు. నేను వాద్యకారుణ్ణి కాను. చాలా ఏళ్లుగా నెదర్లాండ్స్‌లోని ఊట్రెక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న గుంటూరు వాణ్ణి. అయితే మా అమ్మాయి సరిగ్గా ఆ చదువే చదివింది కాబట్టి, ఆమె వాద్యాల పెట్టె మోసిన అర్హతతో చెబుతున్నాను. ఒక్క రికార్డర్‌తోనే అయితే బతకలేదు. పక్కన మరో విద్య ఉంటే బతుకుతుంది.

ఈ మాట అనగానే ఎవరో ఒకరు ఈ దేశపు పేరున్న రికార్డర్ వాద్యకారిణి లూసీ హోర్ష్ పేరు ఎత్తుతారు. 1999లో పుట్టిన ఆ అమ్మాయి తొమ్మిదేళ్ల వయసులో ఆమ్‌స్టర్‌డామ్ కాలువ మీద ఏటా జరిగే కచేరీలో స్వరకర్త బ్రామ్స్ రాసిన హంగేరియన్ నృత్యం వాయిస్తే టీవీలో చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. 2014లో యూరోవిజన్ యువ సంగీతకారుల పోటీలో నెదర్లాండ్స్ తరఫున నిలిచింది, 2016లో డెక్కా రికార్డుల సంస్థ ఆమె వాయించిన వివాల్డీ ఆల్బమ్ విడుదల చేసింది. ఇవన్నీ నిజమే. కానీ ఆమె తల్లిదండ్రులిద్దరూ చెల్లో వాద్యకారులన్న సంగతి, ఆమె పియానో కూడా అంతే శ్రద్ధగా సాధన చేసిందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. సచిన్‌ను చూపించి పిల్లవాణ్ణి క్రికెట్ కోచింగులో చేర్పించే మన అలవాటు ఇక్కడి తెలుగువాళ్లకూ సముద్రం దాటి వచ్చింది, అదొక్కటే నా బాధ.

అసలు చిక్కు ఎక్కడుందంటే, సింఫనీ ఆర్కెస్ట్రాలో రికార్డర్‌కు కుర్చీ లేదు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి, పెద్ద గొంతుతో పలికే అడ్డఫ్లూటు ఈ నిలువు వేణువును పక్కకు నెట్టేసింది. వయొలిన్ నేర్చుకున్నవాడికి ఎక్కడో ఒకచోట నెలజీతం దొరకవచ్చు గాని, రికార్డర్ మనిషికి ప్రతి కచేరీ ఒక కొత్త పిలుపే. ఆ పిలుపు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

మా అమ్మాయి కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, రెండో ఏడు చదువుతున్నప్పుడు, ఉత్తరాన ఒక చిన్న ఊరి గాయక బృందం ఆమెను జర్మన్ స్వరకర్త బాఖ్ రచించిన, యేసు శ్రమల కథను పాడే సెయింట్ మాథ్యూ ప్యాషన్‌కు పిలిచింది. మన క్రైస్తవులు శ్రమల దినాలు అనే ఆ ఈస్టర్‌కు ముందు వారాల్లో ఈ దేశంలో ఊరూరా ఈ కృతి పాడతారు. సుమారు మూడు గంటల కచేరీ అది. అందులో రికార్డర్లు రెండు అవసరమయ్యేది ఒకే ఒక్క చోట. గెత్సేమనే తోటలో యేసు వేదనను చూసి టెనర్ (పై స్థాయి మగ గొంతు) గాయకుడు 'ఎంత నొప్పి, వణికిపోతున్నది ఆ హృదయం' అన్న అర్థంతో పాడే ఘట్టం, అదంతా కలిపి సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం మేము రెండు రైళ్లు, ఒక బస్సు మారి వెళ్లాము.

శబ్దం వస్తుందని కచేరీ మొదలవగానే ఆ పాత ఇటుకల చర్చిలో హీటర్లు ఆపేశారు. రికార్డర్ చల్లబడితే శ్రుతి దిగిపోతుంది, పైగా వెచ్చని ఊపిరి తగలగానే గాలి వెళ్లే సన్నని దారిలో తేమ పేరుకుని గొంతు పూడుకుపోతుంది. ఊది వేడి చేద్దామంటే చుట్టూ కచేరీ నడుస్తున్నది. అందుకని మా అమ్మాయి బాక్స్‌వుడ్ కొయ్యతో చేసిన ఆ వాద్యాన్ని, కోడిపిల్లను దాచుకున్నట్టు, ఎడమ చంకలో పెట్టుకుని దాదాపు ముప్పావు గంట కదలకుండా కూర్చున్నది. పైగా ఆ ఘట్టం ఎఫ్ మైనర్ స్కేలులో ఉంటుంది. రికార్డర్‌కు మీటలు ఉండవు కాబట్టి ఆ స్వరాలలో చాలావాటిని మధ్యలో ఒక రంధ్రం వదిలి కింది రంధ్రాలు మూసే వంకర వేళ్లతో పలికించాలి. టెనర్ గాయకుడు లేచి నిలబడ్డాడు, అమ్మాయి చంకలోంచి వాద్యం తీసింది, వాయించింది, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నది. నాకు అంతా బాగానే వినిపించింది.

తిరుగు రైలులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. చాలాసేపటికి, మొదటి స్వరం కాస్త దిగిందని చెప్పింది. రెండు నిమిషాల పనికి ఇంత దిగులెందుకమ్మా అన్నాను. "మిగతావాళ్లు సర్దుకోవడానికి మూడు గంటలు ఉన్నాయి నాన్నా, నాకు ఉన్నవే ఆ రెండు నిమిషాలు" అన్నది. రైలు ఖర్చులు పోను ఆ రోజు మిగిలిన సొమ్ముతో ఇద్దరం స్టేషనులో సూప్ తాగాము. ఆ రాత్రే గుంటూరు నుంచి మా బావగారు ఫోన్ చేసి, ఇంజనీరింగు మానిపించి పిల్ల చేత ఈల ఊదిస్తున్నావా అని యథావిధిగా అడిగారు. బడిలో ఇచ్చే ప్లాస్టిక్ గొట్టం వల్ల ఈ వాద్యానికి వచ్చిన చెడ్డపేరు ఇక్కడా తక్కువేమీ కాదు.

ఈ పరిస్థితి కొత్తది కాదని నా గట్టి నమ్మకం. ఈ ఊట్రెక్ట్‌లోనే పదిహేడో శతాబ్దంలో యాకోబ్ ఫాన్ ఐక్ అనే పుట్టుకతో చూపులేని విద్వాంసుడు ఉండేవాడు. రికార్డర్ మీద ఆయన కూర్చిన వరుసలను ఇప్పటికీ ప్రతి విద్యార్థీ వాయిస్తాడు. ఆయన జీతం మాత్రం గోపురంలో గంటల వాద్యం మోగించినందుకు వచ్చేది. సాయంత్రాలు చర్చి తోటలో షికారు చేసేవారికి అప్పుడప్పుడు తన చిన్న వేణువు వినిపించాలన్న షరతు మీద 1649లో ఆ జీతం కొంత పెంచారు. అంటే అంతటివాడికీ ఉద్యోగం గంటలది, రికార్డర్‌ది ఇంక్రిమెంటు. బాఖ్ కాలంలోనూ చాలాచోట్ల ఓబో అనే సన్నాయి లాంటి వాద్యం వాయించేవారే అవసరమైనప్పుడు రికార్డర్ అందుకునేవారు. తర్వాతి కాలంలో రికార్డర్‌కు మళ్లీ గౌరవం తెచ్చిన ఫ్రాన్స్ బ్రూహెన్ సైతం 1981లో సొంత ఆర్కెస్ట్రా స్థాపించి క్రమంగా దాని నిర్వహణ వైపే మళ్లాడు.

కాబట్టి మీ అమ్మాయిని రికార్డర్ మానమనవద్దు. దానికి తోడుగా పియానోకు ముందటి మీటల వాద్యమైన హార్ప్సికార్డో, బరోక్ (బాఖ్ నాటి శైలి) ఓబోనో, పిల్లలకు పాఠం చెప్పే శిక్షణో ఇప్పటి నుంచే ఆలోచించండి. ఖర్చు సంగతీ తెలుసుకోండి: ఇప్పటి వాద్యాలు 440 హెర్ట్జ్ శ్రుతిలో ఉంటాయి, బరోక్ బృందాలు ఎక్కువగా దాదాపు అర స్వరం కిందికి, 415లో వాయిస్తాయి. అంటే ఒకే రకం రికార్డర్‌ను రెండు శ్రుతుల్లో రెండుసార్లు కొనాలి, అదీ చేత్తో చేసినవాటి కోసం ఆర్డరు ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసి.

మా అమ్మాయి ఆ తర్వాతి సంవత్సరమే బరోక్ ఓబో మొదలుపెట్టింది. రికార్డర్ వేళ్లకు దాని వేళ్లు కొంత దగ్గరగా ఉంటాయి కాబట్టి త్వరగానే పట్టుబడింది. ఈ ఏడు అదే గాయక బృందం ఆమెను ఓబో వరుసకు పిలిచింది, మూడు గంటలకూ పనే. హీటర్లు మళ్లీ ఆపేశారు. పక్కన ఎవరో కొత్త పిల్ల రికార్డర్‌ను చంకలో పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంటే, మా అమ్మాయి రెండు పాటల మధ్య సందులో తన శాలువ తీసి ఆ పిల్ల ఒళ్లోకి వేయడం వెనక వరుసలోంచి నేను చూశాను.