రేసు గెలిచినవాడు, ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నవాడు

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. టూవీలర్ మెకానిక్ షాపు నడుపుతున్నాను. రేసులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. 2024లో ఏ సిరీస్‌లో ఎవరు గెలిచారో తెలుగులో చార్టు రాసి షాపు గోడకు అంటించాను. పైన ‘2024 ప్రతియోగితల విజేతలు’ అని పెట్టాను. మోటో జీపీ బైక్ రేసుల గడిలో మార్టిన్ పేరు చూసి ఒక కుర్రాడు, ‘అదేటండీ, ఎక్కువ రేసులు గెలిచినోడు బగ్నాయా కదా, విజేత అతను కాడా?’ అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఛాంపియన్‌కి సరైన తెలుగు మాట ఏది? విజేతా, జగజ్జేతా? ఇంకొకటి, కారు రేసుల జట్టు గురించి ‘మెక్‌లారెన్ గెలిచింది’ అనాలా, ‘గెలిచారు’ అనాలా?

సమాధానం: ఉత్తరంతో పాటు చార్టు ఫొటో కూడా పంపి మంచి పని చేశారు. నీలం స్కెచ్ పెన్నుతో గీసిన గడులు, మూలన గ్రీజు వేలిముద్ర, వెర్‌స్టాపెన్ పేరులో ఒకసారి కొట్టేసి మళ్ళీ పెట్టిన ఒత్తు, అన్నీ చూశాను. ఒడియా బోర్డుల వీధిలో ఒక మెకానిక్ షాపు గోడ మీద అంత తెలుగు కనిపిస్తే నాకు కలిగిన సంతోషం చెప్పలేను. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ కుర్రాడి సంగతి. అతను చెప్పిన లెక్క నిజమే. 2024 మోటో జీపీలో ఆదివారాలు జరిగిన 20 రేసుల్లో ఫ్రాంచెస్కో బన్యాయా (మీరు రాసిన ‘బగ్నాయా’) 11 గెలిచాడు. హోర్హే మార్టిన్ గెలిచినవి 3. శనివారం జరిగే చిన్న రేసుల్లో, అంటే స్ప్రింట్‌లలో ఇద్దరూ సమానం, చెరో ఏడు. కానీ బన్యాయా పడిపోయి సున్నాతో వెనక్కి వచ్చిన రోజులు ఎక్కువ. మార్టిన్ మాత్రం గెలవని రోజున కూడా చాలాసార్లు రెండో స్థానం వదల్లేదు. రేసు రేసుకూ స్థానాన్ని బట్టి వచ్చే పాయింట్లు ఏడాది చివర్లో కూడితే ఎవరికి ఎక్కువుంటే వారే ఛాంపియన్. అలా కూడితే మార్టిన్‌కు 508 పాయింట్లు, బన్యాయాకు 498. రేసులు ఎక్కువ గెలిచింది ఒకరు, ఛాంపియన్ అయింది మరొకరు. ఇద్దరికీ ‘విజేత’ అనే ఒక్క మాటే వాడితే చదివేవాడికి తికమక తప్పదు.

దీనికంటే గట్టి ఉదాహరణ అదే ఏడాది ఫార్ములా త్రీ కారు రేసుల్లో ఉంది. ఇటలీ కుర్రాడు లియొనార్డో ఫోర్నరోలి ఆ సీజన్‌లో ఒక్క రేసు కూడా గెలవకుండానే ఛాంపియన్ అయ్యాడు. ఒక్క రేసూ గెలవనివాణ్ణి ‘రేసుల విజేత’ అని ఎలా రాస్తాం? ఇంత దూరం ఎందుకు, మన హైదరాబాదే చూడండి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ రేసు విజేత ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. ఆ సీజన్ ఛాంపియన్ మాత్రం ఇంగ్లండ్‌కు చెందిన జేక్ డెన్నిస్.

విజేత సంస్కృతం నుంచి వచ్చిన మాట. గెలిచినవాడు, గెలిచినామె అని అర్థం, అంతే. ఏం గెలిచారో, ఎంత గెలిచారో అందులో లేదు. పరుగు పందెంలో మొదట వచ్చిన పిల్లాడూ విజేతే, ఎన్నికలో గెలిచిన సర్పంచీ విజేతే. కాబట్టి రేసు వరకు విజేత చక్కగా సరిపోతుంది. ఏడాది పొడుగునా పోగైన ఫలితానికి అది చాలదు.

అయితే తెలుగులో ఈ తేడా చూపే ఏర్పాటు లేదనుకోకండి. మీరు నామవాచకంలో వెతికిన తేడా మన క్రియలో ఎప్పటి నుంచో ఉంది. ‘గెలిచాడు’ వేరు, ‘గెలుచుకున్నాడు’ వేరు.

నా చిన్నతనంలో సంక్రాంతికి మా ఊరి చెరువు వెనక ఎడ్లబళ్ళ పరుగు పందెం పెట్టేవారు. గెలిచినవారికి ఇత్తడి బిందె. ఒక ఏడు మా వీధి నాయుడు గారి బండి ముందు వచ్చింది. ఎడ్ల నోటి నుంచి నురగ కారుతోంది, నాయుడు గారు వాటి మెడల కింద నిమురుతున్నారు, పిల్లలం చుట్టూ కేకలు. మా నాయనమ్మ ఇంటి అరుగు మీద నుంచి ‘ఎవలు గెలిచినార్రా?’ అని అడిగింది. ‘నాయుడి ఎడ్లు గెలిచినాయి’ అన్నాం. సాయంత్రం బిందె నాయుడు గారి ఇంటికి చేరాక అదే నాయనమ్మ పక్కింటావిడతో చెప్పింది: ‘నాయుడు బిందె గెలుచుకున్నాడమ్మా’. ఎడ్లు బిందె గెలుచుకున్నాయని మా ఊళ్ళో ఎవ్వరూ అనలేదు. పరుగెత్తి ముందు రావడం గెలవడం. దాని ఫలం తనదిగా చేసుకోవడం గెలుచుకోవడం. సంస్కృతంలో ఆత్మనేపదం (పని ఫలం చేసినవాడికే అని చెప్పే క్రియారూపం) చేసే పనిని తెలుగులో ‘కొను’ చేస్తుందని వ్యాకరణాలు చెప్పేది ఇదే. వండింది, వండుకుంది, దాచాడు, దాచుకున్నాడు, గెలిచాడు, గెలుచుకున్నాడు.

మీ చార్టుకు దీన్ని అన్వయించండి. ‘బన్యాయా 11 రేసులు గెలిచాడు, మార్టిన్ 3 గెలిచాడు, ఛాంపియన్‌షిప్ మార్టిన్ గెలుచుకున్నాడు.’ ఎక్కడా మెలిక లేదు. ‘రేసు గెలుచుకున్నాడు’ అనేవారు లేరని కాదు, పత్రికల్లోనూ కనిపిస్తుంది, దాన్ని తప్పు అనను. కానీ రెండూ పక్కపక్కన రాయాల్సి వచ్చినప్పుడు ఈ తేడా పాటిస్తే వాక్యం తనంతట తనే అర్థం చెబుతుంది. మీ వైపు ‘గెలిచీసినాడు’ అని కూడా అంటారు. అది పని పూర్తయిందని చెప్పే రూపం, ‘తినీసినాడు, వచ్చీసినాడు’ లాగా. షాపులో మాట్లాడేటప్పుడు నిక్షేపంగా అనండి.

ఇక నామవాచకం. ఛాంపియన్‌ను ఛాంపియన్ అనే రాయండి. ఆ మాట మూలం లాటిన్‌లో బరికి, మైదానానికి ఉన్న పదం. మొదట్లో దాని అర్థం బరిలో దిగి పోరాడేవాడు అని, తరచు ఇంకొకరి పక్షాన పోరాడేవాడు అని. గెలిచినవాడు అనే అర్థం తర్వాత వచ్చింది. అంటే ‘విజేత’ దానికి మొదటి నుంచీ అచ్చమైన జోడీ కాదు. పైగా ఛాంపియన్ ఇవాళ మన నోళ్ళలో నలిగిన మాట. ‘వాడు క్యారమ్స్‌లో ఛాంపియన్’ అంటే అర్థం కాని తెలుగువారు లేరు. మీ ఊరి రాజావారి బడిలో పాఠాలు చెప్పి, పక్క కొండల్లోని సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా వాదించింది జనం వాడే మాటకు రాతలో చోటివ్వమనే. బహువచనం ‘ఛాంపియన్లు’. ‘చాంపియన్’ అని ఒత్తు లేకుండా రాసినా దోషం లేదు. ఒకే చార్టులో రెండు రకాలుగా మాత్రం రాయకండి.

జగజ్జేత మంచి మాట. జగత్, జేత కలిసి తకారం జకారమైంది. కానీ దానికి హద్దు ఉంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అనే హోదా ఉన్నచోటే అది నిలబడుతుంది. ఫార్ములా వన్, మోటో జీపీ, ప్రపంచ ర్యాలీ, గంటల తరబడి సాగే కారు రేసుల ప్రపంచ ఎండ్యూరెన్స్, వీటికి వాడొచ్చు. ఫార్ములా ఈకి ఆ హోదా 2020–21 సీజన్ నుంచే వచ్చింది, కాబట్టి అంతకు ముందు గెలుచుకున్నవారిని ఛాంపియన్ అనే అనాలి. మీరు 2024 గడిలో రాసిన ఆలెక్స్ పాలో అమెరికా ఇండీకార్ ఛాంపియన్, జోయీ లొగానో నాస్కార్ కప్ ఛాంపియన్. అవి ఆ దేశపు సిరీస్‌లు, వారిని జగజ్జేతలంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది. ఫార్ములా టూ, ఫార్ములా త్రీ కూడా అంతే.

పైన పెట్టిన ‘ప్రతియోగితల’ గురించి ఒక మాట. అది ఒడియా బడి నుంచి మీ కలంలోకి వచ్చింది. పిల్లలు ‘ప్రతిజోగిత’ అని పలకడం రోజూ వింటూ ఉంటారు. సరిహద్దు ఊళ్ళో రెండు భాషలు ఒకే గుమ్మంలో నిలబడితే మాటలు అటూ ఇటూ నడుస్తాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వచ్చేసరికే ఆ మాట ఎవరికీ తెలియదు. తెలుగు శాస్త్రగ్రంథాల్లో ప్రతియోగి అంటే ఎదుటిపక్షం, ప్రత్యర్థి. మనకు ‘పోటీ’ ఉంది. మీకు అసలు కావలసింది అది కూడా కాదు, సిరీస్. దానికి ‘శ్రేణి’, ‘మాలిక’ అని వెతుక్కోవద్దు. సీజన్ కూడా అంతే. మామిడిపళ్ళ సీజన్, పెళ్ళిళ్ళ సీజన్ అని మన ఇళ్ళలో అంటూనే ఉన్నాం. రుతువు అని రాస్తే ఎండాకాలం, వానాకాలం గుర్తుకొస్తాయి.

చివరి సందేహం, ‘గెలిచింది’, ‘గెలిచారు’. మెక్‌లారెన్ అంటే జట్టు, కంపెనీ. తెలుగులో అది అమహద్వాచకం (మగవారిని చెప్పని మాట), ఏకవచనం. ‘మెక్‌లారెన్ గెలుచుకుంది’ అనే అనాలి. మీరు ఇది అడగడం 2024 విషయంలో మరీ సమయోచితం. ఆ ఏడాది డ్రైవర్ ఒక చోట, జట్టు మరో చోట గెలుచుకున్న సిరీస్‌లు వరుసగా నాలుగున్నాయి. ఫార్ములా వన్‌లో డ్రైవర్ల టైటిల్ రెడ్ బుల్ జట్టు కారు నడిపిన మాక్స్ వెర్‌స్టాపెన్‌ది, కన్‌స్ట్రక్టర్ల టైటిల్, అంటే జట్లది, మెక్‌లారెన్‌ది. 1998 తర్వాత వారికి అదే మొదటిది. ర్యాలీలో డ్రైవర్ల టైటిల్ హ్యుందాయ్ నడిపిన తియెరీ నూవిల్‌ది, తయారీదారుల టైటిల్ టయోటాది. ఎండ్యూరెన్స్‌లో డ్రైవర్ల టైటిల్ పోర్షే నడిపినవారిది, తయారీదారుల టైటిల్ టయోటాది. ఫార్ములా ఈలో డ్రైవర్ పోర్షే నడిపిన పాస్కల్ వెర్లైన్, జట్టు జాగ్వార్. ఇప్పుడు ‘ఎండ్యూరెన్స్‌లో పోర్షే గెలిచింది’ అని ఒక్క ముక్కలో రాస్తే సగం నిజం, సగం అబద్ధం. ‘పోర్షే డ్రైవర్లు ఎస్త్ర్, లాటరర్, వాంతోర్ ఛాంపియన్లు అయ్యారు, తయారీదారుల టైటిల్ టయోటా గెలుచుకుంది’ అని రాయాలి. ముగ్గురు ఒకే కారును వంతులవారీగా నడుపుతారు, కాబట్టి ముగ్గురికీ కలిపి ‘అయ్యారు’.

ర్యాలీలో నూవిల్ పక్కన కూర్చుని మలుపు మలుపుకీ నోట్సు చదివి చెప్పే మార్టైన్ వైడాగే కూడా కో-డ్రైవర్ల ఛాంపియన్. మీ చార్టులో ఆయన పేరు లేదు. ఆ పేరు పక్కన ‘సహ సారథి’ అని రాయకండి. పత్రికలు సారథిని క్రికెట్ కెప్టెన్‌కు ఇచ్చేశాయి, ఇప్పుడు చదివినవాడికి వైస్ కెప్టెన్ అనిపిస్తుంది. కో-డ్రైవర్ చాలు.

పేర్ల రాతలో ఒకటి సరిచేసుకోండి. మీరు ‘బగ్నాయా’ అని రాశారు, పత్రికలూ అలాగే రాస్తున్నాయి. ఇటాలియన్‌లో gn అనే అక్షరాల జంటను ‘న్య’ అని పలుకుతారు. ‘బన్యాయా’ అని రాయడానికి మన లిపికి ఏ ఇబ్బందీ లేదు.

మీ చార్టులో అడుగున ఒక గడి ఖాళీగా ఉంది. అందులో అమ్మాయిల సిరీస్ ఎఫ్ వన్ అకాడమీ రాయండి. 2024 ఛాంపియన్ ఇంగ్లండ్‌కు చెందిన అబీ పుల్లింగ్. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, జట్టుకీ క్రియ ఒకటే. కాబట్టి ‘మెక్‌లారెన్ గెలుచుకుంది’ అన్నట్టే ‘అబీ పుల్లింగ్ ఛాంపియన్‌షిప్ గెలుచుకుంది’ అని రాయవచ్చు. గౌరవంగా ‘గెలుచుకున్నారు’ అని రాస్తే వెర్‌స్టాపెన్‌కూ, మార్టిన్‌కూ కూడా ‘గెలుచుకున్నారు’ అనే పెట్టండి. పైన శీర్షిక ఇలా మార్చండి: ‘2024 సీజన్: వేర్వేరు సిరీస్‌ల ఛాంపియన్లు’.