పాత గేమ్‌లో స్క్రీన్ నల్లబడితే గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలా?

విండోస్ 10 ఉన్న కంప్యూటర్‌లో పాత గేమ్ పెడితే శబ్దం వస్తోంది గానీ స్క్రీన్ నల్లగా ఉంది, షాపులో గ్రాఫిక్స్ కార్డ్ మార్చమంటున్నారు, మార్చాలా అని అడిగారు.

వద్దు. ముందు ఆ షాపు మెట్లు దిగి ఇంటికి వచ్చేయండి.

మాది విజయనగరం పక్కన నెల్లిమర్ల. 2010లో మా పాత సిస్టంలో విండోస్ 7 వేయించాను. ఆ సాయంత్రం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే యుద్ధం గేమ్ తెరిస్తే నీళ్లు ఊదారంగు, గడ్డి నిండా ఎర్ర చుక్కలు. మా నాన్న వెనక నుంచి చూసి, "ఏట్రా ఇది, పండక్కి ముగ్గులెట్టినట్టుంది" అన్నారు.

మర్నాడు మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో విజయనగరం గంటస్తంభం దాకా వెళ్లాను. అప్పటివి డబ్బా మానిటర్లు కదా, దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. షాపతను ప్లగ్గు కూడా పెట్టి చూడలేదు. "మానిటర్ పోనాది బాబూ" అనేశాడు. పాతదానికి 300 ఇచ్చాడు, కొత్త ఎల్‌సీడీకి 5,500 తీసుకున్నాడు. ఇంటికొచ్చి తగిలిస్తే అదే ఊదారంగు నీళ్లు, కాకపోతే ఇంకా వెడల్పుగా. సైనికులంతా పొట్టిగా, లావుగా తయారయ్యారు. ఫోన్ చేస్తే, "అయితే కార్డు పోనాది" అన్నాడు. ఆ మనిషికి పోనిదంటూ ఏదీ లేదు.

శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చదువుతున్న స్నేహితుడు ఫోన్‌లోనే చెప్పాడు: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని, అంటే ఐకాన్లనీ టాస్క్‌బార్‌నీ చూపించే విండోస్ ప్రోగ్రాంని, ఆపెయ్ అని. ఆపగానే ఐకాన్లు లేవు, టాస్క్‌బార్ లేదు. వెనక నాన్న. నాకు ఒకటే టెన్షన్. వాడు చెప్పినట్టే టాస్క్ మేనేజర్‌లోంచే గేమ్ తెరిచాను. నీళ్లు నీలం, గడ్డి పచ్చ! పైసా ఖర్చు లేకుండా, అంటే ఆ 5,200 కాక.

సంగతేమిటంటే, 1999 నాటి ఆ గేమ్ ఒకేసారి 256 రంగులే వాడుతుంది. ఆ రంగుల పట్టికలో విండోస్ 7 ఎక్స్‌ప్లోరర్ కూడా వేలు పెడుతుంది. స్క్రీన్ రిజల్యూషన్ విండో తెరిచి ఉంచి గేమ్ పెట్టినా సరిపోతుందని తర్వాత తెలిసింది. అప్పటికి మానిటర్ కొనేశాను.

మీ విషయానికొస్తే, గేమ్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లండి. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకుని, 640 x 480 స్క్రీన్ రిజల్యూషన్ అన్న దగ్గర టిక్ పెట్టండి. కుదరకపోతే డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, గేమ్‌లు బొమ్మ గీయమని కార్డుకి చెప్పే పాత డైరెక్ట్‌ఎక్స్ భాషని కొత్త కార్డుకి అర్థమయ్యేలా మారుస్తుంది. యూట్యూబ్ వీడియోల జోలికి పోకండి, పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు డప్పు సంగీతమే.

ఒకవేళ గేమ్‌ని కంప్యూటర్‌లో ఎక్కించే ఇన్‌స్టాలరే తెరుచుకోకపోతే అది 16 బిట్‌ది, అంటే బాగా పాత రకం ప్రోగ్రాం, అయ్యుండొచ్చు. 64 బిట్ విండోస్ దాన్ని నడపదు, లక్ష రూపాయల కార్డు పెట్టినా నడపదు. పాత గేమ్ కోసం కొత్త కార్డు కొనాల్సిన అవసరం దాదాపు ఎవరికీ రాదని నేను రాసిస్తాను.

ఇంతకీ గేమ్ పేరు రాయనేలేదు మీరు.