అద్దె గోడలకు ఎన్ని రంగులు వేసినా

ప్రశ్న: మూడేళ్లుగా సొంతంగా వెబ్ డిజైన్ పనులు చేస్తున్నాను. డిజైనర్లు తమ పనులు చూపుకునే బిహాన్స్, డ్రిబుల్‌లలోనూ, లింక్డిన్‌లోనూ ఖాతాలున్నాయి. ఇప్పటికి నాలుగుసార్లు లోగో మార్చుకున్నాను. అయినా సంప్రదించినవారందరూ ముందుగా అడిగేది ధరే. నా పని నచ్చి వచ్చామని చెప్పినవారు అరుదు. బ్రాండింగ్ కోసం ఇంకా ఏయే ఆన్‌లైన్ సాధనాలు వాడాలో తెలుపగలరు.

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు లోగోల ప్రస్తావన ఉంది గానీ మీ సొంత వెబ్‌సైటు చిరునామా ఎక్కడా లేదు. ఆ ఉత్తరం కూడా ఉచిత మెయిల్ ఖాతా నుంచే వచ్చింది. వెబ్‌సైట్లు కట్టి ఇచ్చే మనిషికి తనదంటూ ఒక వెబ్‌సైటు లేకపోవడాన్ని క్లయింట్ పైకి తప్పుపట్టడు. కానీ మిమ్మల్ని మరొకరి నుంచి వేరుచేసి చూపే ఆధారమేదీ కళ్లెదుట లేనప్పుడు అతడు పోల్చి చూడగలిగేది అంకెలను మాత్రమే కనుక, ధర అడుగుతాడు. కాబట్టి మీకు కావలసింది మరో సాధనం కాదు, సొంత చిరునామా.

ఇప్పుడున్న ఖాతాలను మూసివేయమని నేను చెప్పను. అయితే అవి అద్దె గోడలు. బిహాన్స్ 2012 నుంచి అడోబీ సంస్థ చేతిలో ఉంది; అక్కడ ఏది పైన కనబడాలో, ఏది అడుగున పడాలో నిర్ణయించేది మీరు కాదు. వాటిని మీ ఇంటికి దారి చూపే బోర్డులుగా వాడుకోండి, అసలు పనిని మాత్రం మీ డొమైన్ (సొంత వెబ్ చిరునామా) మీదనే ఉంచండి. డొమైన్ పేరు ఎంచుకునేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి: ఫోన్లో ఒక్కసారి చెప్పి, అవతలివారిని టైపు చేయమనండి. "మధ్యలో గీత ఉంటుందా?" అన్న ప్రశ్న వచ్చిందంటే ఆ పేరు పనికిరాదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను నమోదు చేసుకున్న డొమైన్‌కు ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఈలోగా కార్డు గడువు తీరి చెల్లింపు ఆగిపోయింది. ఆ సంగతి తెలిపే హెచ్చరికలు అదే డొమైన్ మీద ఉన్న మెయిల్‌కు, అదీ నేను చూడని ఫోల్డర్‌లోకి వచ్చాయి. డొమైన్ ఆగిపోగానే మెయిల్ కూడా ఆగిపోయింది కనుక చివరి హెచ్చరికలు నాకు అందనే లేదు. అదనపు రుసుము కట్టి దాన్ని విడిపించుకోవలసి వచ్చింది. అందువల్ల రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే సంస్థ) ఖాతాలో ఇచ్చే మెయిల్ మాత్రం ఆ డొమైన్‌కు సంబంధం లేనిదై ఉండాలి. సొంత డొమైన్ మీద మెయిల్ పెట్టుకున్నప్పుడు అది నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులను డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాల పట్టికలో) చేర్చడం మరవకండి. అవి లేకపోతే ఎంతో శ్రద్ధగా రాసిన కొటేషన్ స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. క్లయింట్ మౌనాన్ని మీరు తిరస్కారమనుకుంటారు.

హోస్టింగ్‌కు, అంటే సైటును ఇంటర్నెట్‌లో నిలిపి ఉంచడానికి, పెద్ద ఖర్చు అక్కరలేదు. నాలుగైదు పేజీల స్టాటిక్ (చూసేవారందరికీ ఒకేలా కనబడే) సైటుకు గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటివి ఉచితంగానే సరిపోతాయి. సొంత డొమైన్‌ను వాటికి కలుపుకోవచ్చు, హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) కూడా వస్తుంది.

సైటు నిలబెట్టిన తరువాత దాన్ని వేగం కొలిచే గూగుల్ సాధనం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టి చూడండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, లోడవుతున్నప్పుడు పేజీలోని భాగాలు పక్కకు జరిగే కుదుపుల కొలత 0.1 దాటకూడదు. ఇతరులకు వేగం గురించి చెప్పే మన సైటే నత్తనడక నడిస్తే, ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టుంటుంది. చాలాసార్లు దోషి ఒక్కటే: పై భాగంలో పెట్టిన భారీ ఫోటో. దాన్ని బ్రౌజర్‌లోనే పనిచేసే స్క్వూష్‌తో తగిన వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ లేదా ఏవీఐఎఫ్ అనే తేలికైన ఫైలు రూపంలోకి మార్చండి. హెచ్‌టీఎంఎల్‌లో (పేజీ కోడ్‌లో) దాని వెడల్పు, ఎత్తు రాస్తే కుదుపు కూడా తగ్గుతుంది.

ఇక రంగుల విషయం. మన వృత్తివారికి లేత బూడిద అక్షరాల మీద ఎందుకో అంతులేని మోజు. తెల్లని నేపథ్యం మీద #777777 అనే బూడిద రంగు అక్షరాల కాంట్రాస్ట్ (అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) 4.48 మాత్రమే, మామూలు పరిమాణపు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలనే) ప్రమాణం కోరేది 4.5. ఒక్క మెట్టు ముదిరిన #767676 గట్టెక్కుతుంది. కంటికి తేడా తెలియకపోయినా, తనిఖీ చేసే క్లయింట్ చేతిలోని నివేదికలో తెలుస్తుంది.

ఐదో లోగో వద్దు. మీ పేరును ఒక మంచి ఫాంటులో కుదురుగా పేర్చి, సైటులోనూ కొటేషన్‌లోనూ ఇన్‌వాయిస్‌లోనూ అదే వాడితే చాలు. దానికన్నా ముందు మీ లింకును వాట్సాప్‌లో మీకు మీరే పంపుకొని చూడండి. బొమ్మ లేకుండా ఉత్త లింకు కనబడితే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (లింకుతోపాటు బొమ్మ కనబడేలా చేసే కోడ్) లేవన్నమాట. 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 పిక్సెళ్ల ఎత్తుతో ఒక బొమ్మ చేసి పెట్టండి. ఒకరు మిమ్మల్ని మరొకరికి సిఫారసు చేసినప్పుడు మొదట కనబడేది అదే.

ప్రశ్న: నేను చేసిన పనుల్లో ఎక్కువ భాగం ఏజెన్సీల కోసం చేసినవి. వాటిని బయట చూపకూడదని ఒప్పందం ఉంది. పాస్‌వర్డ్ పెట్టి, అడిగినవారికి మాత్రమే చూపవచ్చునా?

జవాబు: అనుమతి లేకుండా చూపవద్దు. పాస్‌వర్డ్ వెనుక ఉన్నా, పేర్లు చెరిపివేసినా, మూడో మనిషికి చూపడం చూపడమే. పైగా ఒకరి రహస్యాన్ని మీరు ఇలా చూపుతున్నారని గమనించిన కొత్త క్లయింట్ తన రహస్యం సంగతి ఆలోచిస్తాడు. ఆ ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి. పని విడుదలైన తరువాత కొందరు ఒప్పుకుంటారు. ఇకముందు ఒప్పందాల్లో పోర్ట్‌ఫోలియో అనుమతిని మొదటే రాయించుకోండి.

అంతవరకు మీ సొంత సైటునే ఒక కేస్ స్టడీగా రాయండి: మొదటి పేజీ బరువెంత, ఏమి తీసివేశారు, ఎందుకు తీసివేశారు, తరువాతి కొలత ఎంత. పేరుమోసిన సైట్లకు ఎవరూ అడగని కొత్త రూపాలు గీసి పెట్టడం నాకు ఎప్పుడూ రుచించలేదు. అందులో క్లయింట్ ఉండడు, అడ్డంకులూ ఉండవు; పని తెలిసినవారు ముందుగా వెతికేది ఆ అడ్డంకులనే.

ప్రశ్న: డిజైన్లు గీయడానికి ఫిగ్మా ఒక్కదాని మీద ఆధారపడటం మంచిదేనా? ఫాంట్లు కొనాలా?

జవాబు: ప్రస్తుతానికి ఫిగ్మాయే సౌకర్యం. కానీ 2022లో అడోబీ దాన్ని 2,000 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించి 2023 డిసెంబరులో విరమించుకుంది; అడోబీ సొంత సాధనమైన ఎక్స్‌డీలో కొత్త సదుపాయాలు ఆగిపోయాయి. కాబట్టి పని ముగిసిన ప్రతిసారీ ఎస్‌వీజీ, పీడీఎఫ్ ప్రతులను మీ దగ్గర దాచుకోండి. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న) సాధనం కావాలంటే పెన్‌పాట్ ఉంది.

గూగుల్ ఫాంట్స్‌లోనివి ఓపెన్ లైసెన్సులతో వస్తాయి, వాణిజ్య పనులకూ వాడవచ్చు. కొన్న ఫాంటయితే కంప్యూటర్‌లో వాడే లైసెన్సు, వెబ్‌సైటులో వాడే లైసెన్సు చాలాచోట్ల వేర్వేరుగా ఉంటాయి. క్లయింట్ సైటుకు కొనే వెబ్ లైసెన్సును మీ పేరిట కాక క్లయింట్ పేరిటే తీసుకోండి.