నాలుగు గంటలు, ఒక్క చెయ్యి

ప్రశ్న: వారానికి మూడుసార్లు డయాలసిస్. మంచం మీద ఆ నాలుగు గంటలూ గడవడం లేదు. ఏం చదవమంటారు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, బరంపురంలో ఆరేళ్లుగా నాదీ అదే మంచం. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం, ఉన్న చెయ్యి కదపకూడదు కదా, లావు పుస్తకం ఒంటిచేత్తో నిలవదు. మూడో గంటకి బీపీ పడిపోతే అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకే నవలలు ఇంటి దగ్గర, అక్కడ చిన్న కథలే. చాసో (చాగంటి సోమయాజులు) కథలతో మొదలుపెట్టండి. విజయనగరం మనిషి, మన వైపు మాటే వినిపిస్తుంది.

ఒకసారి పక్క మంచం మీది ఒడియా ఆయనకి అందులో ఒక కథ వచ్చీరాని ఒడియాలో చెప్పాను. బదులుగా ఆయన ఫకీర్ మోహన్ సేనాపతి ‘రేవతి’ చెప్పారు. 1898 నాటి కథ, చదువు కోసం ఆశపడ్డ పిల్లది. ఆ రోజు నేను గడియారం చూడలేదు. మీ పక్కవారినీ అడగండమ్మా, ఏం చదివారో.