కాలం నిజంగా ఉన్నదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కాలాన్ని గురించే అడిగినందువల్ల, ఈ శీర్షికనంతా ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ప్రశ్నలను కొంత కుదించాను; అడిగిన తీరును మాత్రం మార్చలేదు.

ప్రశ్న: నిన్న గడిచిపోయింది కాబట్టి లేదు. రేపు ఇంకా రాలేదు కాబట్టి లేదు. ఇప్పుడు అనేది ఆ రెండింటి నడుమ వెడల్పు లేని గీత మాత్రమే. మూడు భాగాలూ లేనివే అయినప్పుడు కాలం ఉన్నదని ఎలా అంటాం?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఇలాంటి ప్రశ్ననే సుమారు 1,800 ఏళ్ల కిందట బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు వేసుకున్నాడు. తన గ్రంథం మూలమధ్యమక కారికలలో 19వ ప్రకరణాన్ని కాలపరీక్షకు కేటాయించి, ఆరే ఆరు శ్లోకాలలో విషయాన్ని తేల్చాడు. వర్తమానం, భవిష్యత్తు గతాన్ని ఆధారం చేసుకొని ఉన్నాయంటే, ఆధారం ఉన్నచోటనే, అంటే గతంలోనే, అవి కూడా ఉండాలి. అప్పుడు అవి గతమే అవుతాయి. గతంతో సంబంధమే లేదంటే, వాటిని వర్తమానమనీ భవిష్యత్తనీ పిలవడానికి ఆధారం ఉండదు. అయితే నాగార్జునుడు కాలం శూన్యమన్నంత మాత్రాన పంచాంగాలు పనికిరావని చెప్పినట్టు కాదు. మూడు కాలాలలో ఏ ఒక్కటీ మిగతా రెండింటిని విడిచి తనంతట తాను నిలబడలేదని, దానికి స్వభావం, అంటే సొంత ఉనికి, లేదని మాత్రమే ఆయన అన్నాడు. లోకవ్యవహారంలో నిన్న, రేపు చెల్లుతూనే ఉంటాయి.

1908లో కేంబ్రిడ్జి తత్వవేత్త జాన్ మెక్‌టాగార్ట్ ఈ చిక్కును ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. ఆయన వాదం మన గుళ్లను ముందు పెట్టుకొని చెప్పుకుంటే తేలికగా అందుతుంది. శాసనాల ప్రకారం వేయిస్తంభాల గుడి 1163 నాటిది, పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. మొదటిది రెండోదానికంటే 50 ఏళ్లు ముందుదన్న మాట కాకతీయుల కాలంలో నిజం, ఈ రోజు నిజం, ఇంకో వెయ్యేళ్లకు కూడా నిజమే. కాని రామప్ప ప్రతిష్ఠ జరగబోతున్నదన్న మాట 1213కు ముందు మాత్రమే చెల్లుతుంది, జరుగుతున్నదన్న మాట 1213లో ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి నోట చెల్లుతుంది, జరిగిపోయిందన్న మాట మన నోట చెల్లుతుంది. ఈ విధంగా సంఘటనలకు రెండు వరుసలు ఏర్పడుతున్నాయి: ముందువెనుకల వరుస ఎన్నడూ కదలదు, భూత వర్తమాన భవిష్యత్తుల వరుస క్షణం కూడా నిలవదు.

ఈ రెండో వరుస లేనిదే మార్పు లేదు, మార్పు లేనిదే కాలం లేదు, కాని ఆ వరుసలోనే పరస్పర విరోధం ఉన్నది కాబట్టి కాలం అసత్యం అని మెక్‌టాగార్ట్ తేల్చాడు. విరోధం ఏమిటంటే, ఒకే ప్రతిష్ఠకు జరగబోవడం, జరుగుతూ ఉండడం, జరిగిపోవడం అనే మూడు లక్షణాలూ అంటుకోవాలి, ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. అన్నీ ఒకేసారి కాదు కదా, ఒకప్పుడు ఒకటి, మరొకప్పుడు ఇంకొకటి అని మనం వెంటనే అంటాం. అలా అనడంలో, దేన్ని నిలబెట్టాలో ఆ కాలాన్నే మళ్లీ అరువు తెచ్చుకుంటున్నామని ఆయన బదులు చెబుతాడు.

వాదంలో మొదటి సగాన్ని, అంటే రెండు వరుసలను విడదీయడాన్ని, నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కదిలే వరుస లేకపోతే మార్పే ఉండదన్న మాటను ఒప్పుకోను. వేయిస్తంభాల గుడి కళ్యాణమండపాన్నే తీసుకోండి. అది ఒకనాడు నిలబడి ఉండేది. ఆ తరువాత పునరుద్ధరణ కోసం విప్పగా, ఏళ్ల తరబడి స్తంభాలు వేరు, దూలాలు వేరు, కప్పురాళ్లు వేరుగా ఉండిపోయింది. మళ్లీ నిలబెట్టిన తరువాత 2024లో భక్తులకు తెరిచారు. మూడు స్థితులకూ తేడా ఉన్నది, వాటిలో ఏది ముందో ఏది వెనుకో తెలిపే క్రమం ఉన్నది. మార్పు అనడానికి ఇవి చాలు. ఇప్పుడు అనే ఒక ప్రత్యేక గుర్తు ఈ స్థితుల మీదుగా పాకుతూ పోవాలన్న షరతు ఎందుకో నాకు కనబడదు. మీ వాదం కూడా అక్కడే బలహీనపడుతున్నది. ఇప్పుడు లేనిదల్లా అసలే లేనిది అని మీరు ముందే ఒప్పేసుకొని వాదం మొదలుపెట్టారు; ఆ ఒప్పుకోలుకు ఆధారం చూపలేదు. అందువల్ల మీ ప్రశ్న దెబ్బతీసేది కదిలే వర్తమానాన్ని మాత్రమే. ముందువెనుకల క్రమం దాని దెబ్బకు చెక్కుచెదరదు.

ప్రశ్న: నైట్ షిఫ్టులో గంట ఎంతకీ గడవదు, ఇంటి దగ్గర పిల్లలతో ఉంటే నాలుగు గంటలు ఇట్టే పోతాయి. కాలం మన మనసులోనే ఉన్నదనడానికి ఇది చాలదా?
– బొగ్గుగని కార్మికుడు, గోదావరిఖని

జవాబు: మీరు చెప్పిన అనుభవం నిజమైనదే. అయితే అది కాలం మనకు ఎలా తోస్తుందో చెబుతుంది గాని, కాలం మనకు తోచేది మాత్రమేనని చెప్పదు. నైట్ షిఫ్టు గంట సాగినట్టుందని మీరు గుర్తించగలుగుతున్నారంటేనే, ఆ సాగుదలకు లొంగని గంట ఒకటి ఉన్నదని ఒప్పుకుంటున్నారు.

మీరు పనిచేసే చోటే దీనికి గట్టి సాక్ష్యం ఉన్నది. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ యుగానిది, అంటే 25 కోట్ల ఏళ్లకు పైబడినది. ఆ యుగపు బొగ్గు పొరల వెంట వచ్చే షేల్ పలకలలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు అచ్చులు దొరుకుతాయి. నాలుక ఆకారంలో ఉండే ఆ ఆకులో నడిమి ఈనె, దాని నుంచి రెండు వైపులకూ వల అల్లినట్టు సాగే సన్నని ఈనెలు ఈనాటికీ స్పష్టంగా కనబడతాయి. చెట్టు చిగురించింది, ఆకు రాలింది, దాని మీద మట్టి పేరుకుంది, ఆ మట్టి మీద మరో పొర పడింది. ఈ వరుస ఏర్పడినప్పుడు దాన్ని ముందు, వెనుక అని ఎంచడానికి భూమి మీద ఒక్క మనిషీ లేడు. కింది పొర పైపొరకంటే ముందుదన్న సంగతి మనం పుట్టించింది కాదు, తవ్వి తెలుసుకున్నది.

కాలం బయటి వస్తువుల ధర్మం కాదనీ, మనసు అనుభవాన్ని అందుకొనే రూపమనీ 1781లో వాదించిన జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ పక్షంవారు దీనికి ఊరుకోరు. ఆ బొగ్గు, ఆ ఆకు కూడా మన అనుభవంలోకి వచ్చిన లోకానికి చెందినవే కాబట్టి వాటి వరుస కూడా మన మనసు రూపంలోనే అమరుతుందని వారంటారు. దీన్ని తోసిపుచ్చడం సులువు కాదు. అయినా, ఏ పొర ముందు ఏ పొర వెనుక అన్నది మన ఇష్టానుసారం మారకపోవడానికి బయట ఏదో ఒక కారణం ఉండి తీరాలి. ఆ కారణానికి కాలక్రమమని పేరు పెట్టడానికి నాకు సంకోచం లేదు. మన ప్రాచీన దర్శనాలలో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవారు ఇదే దారిన పోయారు. ఆ దర్శనాన్ని పరిచయం చేసే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. గతం మొదలైన వ్యవహారాలకు హేతువైనది కాలమని, అది ఒక్కటే, అంతటా వ్యాపించినది, నిత్యమైనది అని ఆయన నిర్వచించాడు. హేతువు అన్నంతవరకు నేను ఆయనతో ఉన్నాను. అంతటా ఒక్కటే అన్నచోట మాత్రం చిక్కు ఉన్నది. దాన్ని కింద మరో జవాబులో వివరిస్తాను.

ప్రశ్న: మేడారం జాతర రెండేళ్లకొకసారి తిరిగి వస్తుంది, ప్రభవాది సంవత్సరాలు 60 ఏళ్లకు తిరిగి వస్తాయి. కాలం చక్రమని మన పెద్దలు నమ్మలేదా?
– ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: మీ జిల్లాలోనే ఉన్న రామప్ప శాసనాన్ని చూడండి. అందులోని కాలనిర్దేశంలో శక సంవత్సరం 1135 అని ఉన్నది, శ్రీముఖ సంవత్సరమనీ ఉన్నది. శ్రీముఖ ఆ తరువాత 13 చుట్లు తిరిగి 1993–94లో మళ్లీ వచ్చింది, 2053లో ఇంకోసారి వస్తుంది. శకం 1135 మాత్రం తిరిగి రాదు. శాసనం చెక్కించినవారు తిరిగివచ్చే పేరునూ, తిరిగిరాని అంకెనూ పక్కపక్కన పెట్టారు. పూజలో చెప్పుకొనే సంకల్పమూ ఇంతే. కల్పం, మన్వంతరం, యుగం, పాదం, సంవత్సరం, మాసం, తిథి అని చక్రంలో చక్రంగా చెప్పుకుంటూ పోయి, చివరికి కృష్ణా గోదావరుల మధ్యదేశంలో ఉన్న మన చోటును ఎలా పట్టి చూపుతామో, అలాగే ఈ ఒక్క రోజును మరే రోజుతోనూ కలవకుండా పట్టి చూపుతాం. కాబట్టి మన పెద్దలకు చక్రం కాలాన్ని కొలిచే పద్ధతి అయింది గాని, క్రమాన్ని చెరిపివేసేది కాలేదు.

నిజంగా సమస్తమూ, జ్ఞాపకాలతో సహా, తు.చ. తప్పకుండా తిరిగి వచ్చిందనుకుందాం. అప్పుడు ఇది రెండోసారి అని చెప్పడానికి ఏ గుర్తూ మిగలదు. మొదటిసారికీ రెండోసారికీ ఏ తేడా లేకపోతే అవి రెండు కావు, ఒకటే.

ప్రశ్న: ఐన్‌స్టీన్ తరువాత కాలం భ్రమ అని తేలిపోయిందని మా స్నేహితులు వాదిస్తారు. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: తేలిపోయింది ఒకటే, విశ్వమంతటికీ చెల్లే ఒకే ఇప్పుడు లేదని. ఐన్‌స్టీన్ 1905 నాటి సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం, దూరంగా ఉన్న రెండు సంఘటనలు ఒకే సమయంలో జరిగాయా లేదా అన్నది చూసేవారి చలనాన్ని బట్టి మారుతుంది. వెలుగు ఆలస్యంగా చేరడం వల్ల వచ్చే తేడా కాదిది. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేసిన తరువాత కూడా మిగిలే తేడా. భద్రకాళి చెరువు కట్ట మీద ఇద్దరు మామూలు నడకతో ఎదురుపడ్డారనుకోండి. ఒకరు ఆండ్రోమెడా గెలాక్సీ ఉన్న దిక్కుకు, మరొకరు దానికి వ్యతిరేక దిక్కుకు నడుస్తున్నారు. ఆ గెలాక్సీ సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది కాబట్టి, అక్కడ ఈ క్షణాన ఏం జరుగుతున్నదన్న విషయంలో ఇద్దరి లెక్కలకూ వారం రోజులకు పైగా తేడా వస్తుంది. ఒకరికి జరిగిపోయినది మరొకరికి ఇంకా జరగలేదు. అన్నంభట్టు నిర్వచనంలో ఒక్కటే అన్న మాటకు వచ్చిన చిక్కు ఇదే.

ఇది కాగితం మీది మాట కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. భూమ్యాకర్షణ తక్కువగా ఉండడం వల్ల వాటిలోని గడియారాలు నేల మీది గడియారాలకంటే రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనుకబడతాయి. మిగిలే 38 మైక్రోసెకన్లను సరిదిద్దకపోతే, ఒక్క రోజులోనే లెక్కలో పేరుకొనే దూరపు తప్పు మీ కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఉంటుంది.

మీ స్నేహితులు మరిచిపోయేది ఒకటుంది. ఒక సంఘటన నుంచి వెలుగు గాని, అంతకంటే నెమ్మదైనది గాని బయలుదేరి రెండోదాన్ని చేరగలిగితే, ఆ రెండింటిలో ఏది ముందన్నది ఎవరు ఎటు నడిచినా మారదు. కారణం ముందు, కార్యం తరువాత. మొదటి జవాబులో మిగిలిన క్రమమే ఇక్కడా మిగిలింది. 1967లో బ్రైస్ డివిట్ ప్రచురించిన, విశ్వం మొత్తానికి క్వాంటం సూత్రాలను వర్తింపజేసే, ఇప్పుడు వీలర్–డివిట్ సమీకరణమని పిలిచే దానిలో కాలాన్ని సూచించే రాశే కనబడదు కాబట్టి, ఆ క్రమం కూడా ఇంకా లోతైనదేదో కలిగించే ఫలితమేనేమో అని భౌతిక శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. అలా అని తేలినా అది భ్రమ కాదు. నీటి అణువులలో ఏ ఒక్కదానికీ తడి లేనంత మాత్రాన తడి అబద్ధం కాదు కదా.

ప్రశ్న: రేపటి సంఘటనలు కూడా నిన్నటివంత నిజమైతే, జరగాల్సింది రాసిపెట్టి ఉన్నట్టే. ఇక మన ప్రయత్నం దేనికి?
– రైతు, పరకాల

జవాబు: ఈ వాదం ప్రాచీన గ్రీసులోనే సోమరి వాదమని పేరు పడింది. రోగం తగ్గాలని ఉంటే వైద్యుణ్ని పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది, తగ్గకూడదని ఉంటే పిలిచినా తగ్గదు, కాబట్టి పిలవడం దండుగ అన్నది దాని రూపం. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు గ్రీకు తత్వవేత్త క్రిసిప్పస్, విధిని నమ్మినవాడై ఉండి కూడా, దీన్ని ఖండించాడు. రోగం తగ్గడం నిశ్చయమైతే, వైద్యుణ్ని పిలవడం కూడా దానితోపాటే నిశ్చయమై ఉండవచ్చు. మొదటిది ఉంచుకొని రెండోదాన్ని తీసెయ్యడానికి వీల్లేదు.

మృగశిర కార్తెలో పత్తి గింజ పెట్టినా పెట్టకపోయినా దీపావళి నాటికి పత్తి ఏరుతానని మీరు ఎన్నడూ అనుకోరు. రాబోయే పంట నిజమే అనుకున్నా, అది విత్తనం, వాన, కలుపు తీత అనే కారణాల వరుస చివరన ఉన్న నిజం. రేపు ఉన్నదంటే మన పనులను దాటి, మనతో సంబంధం లేకుండా ఉన్నదని అర్థం కాదు. మన పనుల వల్లనే ఉన్నదని అర్థం.